ఆ బెల్టు పెట్టింది నేనే

చినవాల్తేరు,
విశాఖపట్నం.

బావా,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు కులాసాయేనా? ఇక్కడ ఉక్కపోత చంపేస్తోంది. సాయంత్రమైతే ఊరంతా బీచ్ రోడ్డు మీదే ఉంటోంది. పోయిన నెల నువ్వు పెళ్లికి వచ్చినప్పుడు సబ్‌మెరైన్ దగ్గర గోడ మీద కూర్చుని మొక్కజొన్న పొత్తులు తిన్నాం గుర్తుందా? ఆ రోజు నీ ఫోన్‌లో, విమానంలో కూర్చోనని నిలబడిపోయిన స్వీడన్ అమ్మాయి వీడియో చూపించి, "ఇదంతా హడావిడి బావా. ఫ్లైట్ లేటయినవాళ్ల గతేంటి?" అన్నావు. నేనేమీ మాట్లాడలేదు. ఏంటలా ఉన్నావని నువ్వు రెండుసార్లు అడిగావు కూడా. ఫోన్‌లో చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ అమ్మాయి సంగతి. పేరు ఎలిన్ ఎర్సన్, యూనివర్సిటీ స్టూడెంట్. 2018 జూలైలో గోథెన్‌బర్గ్ నుంచి ఇస్తాంబుల్ వెళ్లే విమానం ఎక్కింది. ఒక అఫ్గాన్ కుర్రాణ్ని ఆ విమానంలో బలవంతంగా వెనక్కి పంపుతున్నారని తెలిసి, అది ఆపాలని ఎక్కింది. తీరా చూస్తే ఆ కుర్రాడు అందులో లేడు, యాభై దాటిన ఇంకో అఫ్గాన్ ఉన్నాడు. ఆయన కోసమే నిలబడిపోయింది. అందరూ కూర్చుని బెల్టు పెట్టుకుంటే తప్ప విమానం కదలదు కదా, ఆమె చేతిలో ఉన్న బలమల్లా అదొక్కటే. ఆమె వీడియో తీస్తున్న ఫోన్‌ని ఒకాయన లాక్కున్నాడు, సిబ్బంది మళ్లీ ఇప్పించారు. వెనక సీట్లలో ఒక ఫుట్‌బాల్ టీమ్ వాళ్లు కూడా లేచి నిలబడ్డారు. అది తెలిశాక ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటుంది చూడు, నేను ఆ ముక్క దగ్గర వీడియో ఆపేశాను.

చివరికి ఆయన్ని దింపారు. కానీ తరువాత ఇంకోసారి పంపించేశారు. ఆ అమ్మాయికి 2019లో కోర్టు 3,000 క్రోనర్ల జరిమానా వేసింది. "మరేం సాధించినట్టు?" అంటావు. అన్నావు కూడా.

నువ్వు చూడని కథ ఇంకొకటి ఉంది బావా. 2010 అక్టోబర్ 12, లండన్ హీత్రో. జిమ్మీ ముబెంగా అని 46 ఏళ్ల అంగోలా మనిషిని దేశం నుంచి పంపించేస్తూ ముగ్గురు గార్డులు మామూలు ప్రయాణికుల విమానంలోనే వెనక వరసలో కూర్చోబెట్టి, కదలకుండా అదిమిపట్టారు. ఊపిరాడటం లేదని ఆయన అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు విన్నారు. డ్యూటీలో ఉన్నవాళ్లు, ఏం చేస్తున్నారో వాళ్లకి తెలుసులే అనుకుని కూర్చున్నారు. విమానం గాల్లోకి లేవకముందే ఆయన ప్రాణం పోయింది. 2013లో విచారణ జ్యూరీ ఇది చట్టవిరుద్ధంగా చంపడమేనని తేల్చింది. 2014లో వేరే కోర్టులో ఆ గార్డులు నిర్దోషులుగా బయటపడ్డారు. నాకు మాత్రం ఆ ప్రయాణికులే గుర్తొస్తుంటారు. నేను లేచి ఒక్క మాట అని ఉంటే బతికేవాడేమోనన్న బాధ జీవితాంతం ఉంటుందని వాళ్లలో ఒకరు చెప్పుకున్నారు.

ఆ బాధ ఎలాంటిదో నాకు తెలుసు. నీకు చెప్పనిది ఇదే.

రెండేళ్ల కిందట గల్ఫ్‌లో ప్రాజెక్టు పని ముగించుకుని వచ్చాను కదా. విమానం తలుపు మూసే ముందు యూనిఫాం వాళ్లిద్దరు ఒక మనిషిని తెచ్చి నా పక్క సీట్లో కూర్చోబెట్టి దిగిపోయారు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో అవుట్‌పాస్ కాగితం (పాస్‌పోర్టు లేనివాళ్లకి ఇంటికెళ్లడానికి ఇచ్చేది), ఒక లుంగీ, ఒక టూత్‌పేస్టు. వాళ్లు దిగగానే ఈయన లేచి నిలబడ్డాడు. ఎయిర్ హోస్టెస్‌కి చేతులు జోడించి తెలుగులోనే చెప్పాడు: "నాలుగు నెల్ల జీతం రావాలమ్మా, ఇయ్యాల దింపీయండి." ఆమెకి తెలుగు రాదు. వెనక నుంచి మనవాళ్లే అరిచారు, "కూర్చోవయ్యా, లేటవుతోంది" అని. ఆయన ముందు సీటు పట్టుకున్నాడు, గోళ్లు తెల్లబడిపోయాయి.

నేనేం చేశానో తెలుసా? "కూర్చోండి, ఊరెళ్లాక మాట్లాడుకోవచ్చు" అన్నాను. కూర్చున్నాడు. చేతులు వణికి బెల్టు తగిలించుకోలేకపోతుంటే నేనే తగిలించాను. క్లిక్‌మంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

ఊరెళ్లాక ఎవరితో మాట్లాడతాడు? దేశం దాటించేశాక ఆ జీతం ఎవడిస్తాడు? గల్ఫ్‌లో పనిచేసిన నాకు అది తెలియదా? తెలుసు. అయినా నాకు రాత్రి బండి తప్పిపోతుందన్న టెన్షన్. దాని ముందు ఆయన నాలుగు నెలల కష్టం చిన్నదైపోయింది. హైదరాబాద్‌లో దిగాక, "బాబూ, వైజాగ్ బండెక్కడెక్కాల?" అని అడిగాడు. సికింద్రాబాద్ బస్సెక్కించాను. బోర్డింగ్ పాస్ ముక్క మీద తన నంబరు రాసిచ్చాడు. అది రెండేళ్లుగా నా డైరీలో ఉంది.

మా నాయనమ్మ బర్మా క్యాంపులో పదేళ్లుంది, నీకు తెలుసుగా. అరవైల్లో బర్మాలో నెవిన్ సైనిక ప్రభుత్వం కొట్లు, వ్యాపారాలు లాగేసుకుంటే కట్టుబట్టలతో రంగూన్‌లో ఓడెక్కిన కుటుంబం మాది. ఆ ఇంట్లో పుట్టినవాణ్ని నేను!

అన్నీ తేలికని చెప్పను బావా. 2018లోనే హీత్రోలో ప్రయాణికులు గొడవచేసి ఒక సోమాలీ మనిషిని దింపించారు. అతను ఒక పదహారేళ్ల పిల్ల మీద జరిగిన సామూహిక అత్యాచారం కేసులో శిక్షపడ్డవాడని తరువాత బయటపడింది. నిలబడ్డవాళ్ల గుండె ఎంత జారిపోయి ఉంటుందో. పక్క సీట్లో మనిషి కేసు మనకేం తెలుస్తుంది? తెలియదు, నిజమే. కానీ ఒకడి మెడ వంచి ఊపిరి ఆపుతుంటే కళ్లకి కనపడుతుంది. చెయ్యి తియ్యండి, కెప్టెన్‌ని పిలవండి అనడానికి కేసు కాగితాలు చదవక్కర్లేదు. భద్రతకి ఇబ్బంది అనుకుంటే ఎవరినైనా దింపే అధికారం కెప్టెన్‌కి 1963 టోక్యో ఒప్పందంలోనే ఉంది. జర్మనీలో 2017లో ఇలా బలవంతంగా వెనక్కి పంపేవాటిలో పైలట్లు ఒప్పుకోక ఆగిపోయినవి రెండు వందల పైచిలుకు. నా పక్కనున్నాయన కేసయితే ఆయనే నోరు తెరిచి చెప్పాడు. నాకు అర్థమయ్యే భాషలో చెప్పాడు.

ఇంకొకటి కూడా ఆలోచించు. 2025 ఫిబ్రవరిలో అమెరికా మిలిటరీ విమానంలో 104 మంది మనవాళ్లని చేతులకి, కాళ్లకి సంకెళ్లు వేసి అమృత్‌సర్‌లో దించారు. అందులో టికెట్టు కొని ఎక్కిన ప్రయాణికుడు ఒక్కడూ లేడు. లేచి నిలబడే మనిషే లేని విమానాలు పెరుగుతుంటే నాకు భయంగా ఉంది.

మొన్న ఆ నంబరుకి ఫోన్ చేశాను. వాళ్లావిడ ఎత్తింది, కొబ్బరికాయలు దింపడానికెళ్లాడంది. రాత్రి ఆయనే చేశాడు. గుర్తుపట్టాడు బావా. "బెల్టెట్టారు కదా బాబూ" అన్నాడు. జీతం రాలేదు. కంపెనీ కార్డు జిరాక్సు, రెండు జీతం స్లిప్పులు దాచుకున్నాడట. వాటితో మదద్ పోర్టల్‌లో, అదే విదేశాల్లోని మనవాళ్ల ఫిర్యాదుల కోసం మన విదేశాంగ శాఖ పెట్టిన వెబ్‌సైట్‌లో, ఫిర్యాదు పెడదామన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత "ఎప్పుడొస్తారు?" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఆయన దగ్గరికి వెళ్లడానికి కాంప్లెక్స్‌లో ఇచ్ఛాపురం బస్సెక్కుతున్నాను. మీ వీధిలో లేబర్ కేసులు చూసే లాయరుగారు ఉన్నారన్నావు కదా. ఆయన్ని ఒకసారి కలిసి, ఇంకేం కాగితాలు కావాలో కనుక్కుని శనివారం లోపల నాకు ఫోన్ చెయ్యి.

నీ
బావ