పచ్చి బోర్డులకు ‘ఆటోక్లేవ్’ ముద్ర వేసి పంపారు

అమలాపురం,
జూన్ 9.

క్వాలిటీ విభాగం మేనేజర్ గారికి,

విషయం: జనవరిలో మీరు పంపిన 38 ఫైబర్ సిమెంట్ బోర్డులు (8 మి.మీ.) బిగించాక కుంచించుకుపోయి, జాయింట్లన్నీ విచ్చుకోవడం గురించి.

అయ్యా,

నేను పద్నాలుగేళ్లుగా కోనసీమలో ఫాల్స్ సీలింగ్, పార్టిషన్ పనులు చేయిస్తున్నాను. అందులో తొమ్మిదేళ్లుగా మీ బోర్డులే వాడుతున్నాను. ఇంకో కంపెనీది చవగ్గా వస్తోందని కస్టమర్లు అన్నా, ‘దీనికి పూచీ నాది’ అని చెప్పి మీ సరుకే వేయించాను. ఆ పూచీ మాట ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది. చాలా బాధపడుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

పని మా ఊళ్లోనే, ఒక రిటైరైన మాస్టారి ఇంట్లో. పాత ఇల్లు, గోడలు ఇటుక బరువు మోయలేవు. అందుకని డాబా మీద జీఐ (జింకు పూత ఇనుప) ఫ్రేమ్ కట్టి, గోడలకూ సీలింగుకూ మీ బోర్డులు వేసి ఒక గది చేశాం. వాళ్లమ్మాయి పురిటికి వస్తుందని ఆ గది. మార్చి నెలాఖరుకు పెయింట్ కూడా అయిపోయింది. ఏప్రిల్ రెండో వారంలో జాయింట్ల వెంట వెంట్రుకవాసి గీతలు కనబడ్డాయి. రోహిణి కార్తె వచ్చేసరికి గోడ జాయింట్లలో రూపాయి బిళ్ల అంచు దూరేంత సందులు పడ్డాయి. రెండు మూలల్లో స్క్రూ దగ్గర బోర్డు చిట్లింది. ఒకరోజు పొద్దున ఉయ్యాల గుడ్డ మీద సీలింగు నుంచి రాలిన తెల్లపొడి చూసి, బాలింతనూ బిడ్డనూ కింద హాల్లోకి మార్చేశారు. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. ‘చూడు బాబూ’ అని జాయింటు మీద వేలు పెట్టి చూపించారంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరుకు దిగిన రోజునే నాకు అనుమానం వచ్చింది. భోగి ముందు రోజు లారీ వచ్చింది. ప్యాక్ మీద తయారీ తేదీ చూస్తే నాలుగు రోజుల కిందటిది. ప్లాస్టిక్ కవరు లోపలి వైపు నీటి చుక్కలు పట్టి ఉన్నాయి. పండగయ్యాక మొదటి బోర్డుకు కట్టర్ పెడితే దుమ్ము లేవాల్సింది పోయి, ముద్దలా బ్లేడుకు అంటుకుంది. పచ్చి సిమెంటు వాసన. డీలరుకు ఫోన్ చేశాను. ‘చలికాలం కదా, ఎండ తగిలితే సర్దుకుంటుంది’ అన్నారు. అది నమ్మి బిగించడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ మాట అనే ధైర్యం డీలరుకు ఇచ్చింది బోర్డు వెనక మీరు వేసిన ‘ఆటోక్లేవ్ క్యూర్డ్’ ముద్రే, అంటే ఎక్కువ పీడనం ఉన్న ఆవిరిలో గట్టిపరిచిందని.

మీ బ్రోషర్ నా దగ్గర ఇంకా ఉంది. మూడో పేజీలో పాత సంగతులు ఎంతో గర్వంగా వేశారు. 1880లో జర్మనీలో విల్‌హెల్మ్ మిఖాయెలిస్ సున్నం, ఇసుక కలిపి ఎక్కువ పీడనం ఉన్న ఆవిరిలో గట్టిపరిచే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడనీ, 1901లో ఆస్ట్రియాలో లుడ్విగ్ హాట్షెక్ పీచు కలిపిన సిమెంటు గుజ్జును పల్చటి పొరలుగా చుట్టి షీటు చేసే పద్ధతికి పేటెంట్ పొందాడనీ రాశారు. ఆయన వాడింది ఆస్బెస్టాస్, మీరు వాడేది చెక్కగుజ్జు పీచు. అంతా చదివి మా కుర్రాళ్లకు కూడా చెప్పాను. నేను చదివింది ఐటీఐ అయినా ఈ విషయం నాకు బాగానే అర్థమైంది.

మామూలు సిమెంటు పనికి మేం నీళ్లు కొట్టి క్యూరింగ్ చేస్తాం. 28 రోజుల లెక్క. అలా ఆరుబయట గట్టిపడిన బోర్డులో సిమెంటు బిగుస్తుంది గానీ, కలిపిన మెత్తటి ఇసుక పొడి చాలావరకు ఇసుకగానే ఉండిపోతుంది. అదే ఆటోక్లేవ్‌లో 180 డిగ్రీల దగ్గర, బయటి గాలికి పదింతల పీడనంలో గంటల తరబడి ఆవిరి పట్టిస్తే, ఆ ఇసుక సిమెంటులోని సున్నంతో కలిసి టోబర్మొరైట్ అనే స్ఫటికంగా మారుతుంది. అప్పుడు బోర్డు తడికి ఉబ్బడం, ఎండకు ముడుచుకోవడం బాగా తగ్గుతుంది. నెలరోజులు ఆగకుండా లారీ ఎక్కించగలిగేది అందుకే. ఆ గంటలు తగ్గించినా, బయటికి తీశాక సరిగా ఆరనివ్వకపోయినా పైకి ఏమీ తెలియదు. రంగు అదే, నునుపు అదే. కుక్కర్ మూత తీసి మెదిపితే గానీ పప్పు ఉడకలేదని తెలియదు కదా, ఇదీ అంతే. ఎండాకాలం వస్తే గానీ బయటపడదు.

మీ రిప్రజెంటేటివ్ గారు వచ్చి ఐదు నిమిషాలు చూసి, ‘సముద్రం దగ్గర ఊరు, తేమ ఎక్కువ’ అన్నారు. తేమ ఎక్కువైతే బోర్డు ఉబ్బాలి గదండీ, తగ్గడమేమిటి? తర్వాత స్క్రూలు సరిగా బిగించలేదన్నారు. అదే ఇంట్లో కింది వరండాకు రెండేళ్ల క్రితం మీ బోర్డులే, ఇదే మేస్త్రీతో, ఇదే పద్ధతిలో వేశాను. ఒక్క గీత లేదు. పైగా బిగించకుండా మూడు బోర్డులు మిగిలాయి. సరుకు దించిన రోజే టేపు పెట్టి కొలత బోర్డు మీదే పెన్సిల్‌తో రాయడం మా మేస్త్రీకి అలవాటు. 2440 మి.మీ. అని రాసి ఉంది. మొన్న కొలిస్తే 2436 వచ్చింది. స్క్రూ తగలని బోర్డు కూడా నాలుగు మిల్లీమీటర్లు తగ్గితే, తప్పు నా స్క్రూలదెలా అవుతుంది?

ఇంకొకటి. జనవరిలో కోసిన ఒక ముక్కను కిరాణా కొట్టు కాటా మీద తూచి ఉంచాను, అనుమానం కొద్దీ. అప్పుడు 1,860 గ్రాములు. కిటికీ పక్కన పడి ఉన్న ఆ ముక్క ఇప్పుడు 1,655. తగ్గిన 205 గ్రాములూ నీళ్లే. బోర్డు ధర కట్టి మేం నీళ్లు మోసుకొచ్చాం.

నేను కోరేది ఇదీ. ఆ బ్యాచ్‌కి సంబంధించిన ఆటోక్లేవ్ చార్టు, అంటే ఎన్ని గంటలు, ఎంత పీడనం, ఎంత వేడి అన్నది, డిస్పాచ్‌కి ముందు చూసిన తేమ రీడింగుతో సహా పంపండి. బ్యాచ్ నంబరు ఉన్న ప్యాక్ ఫొటో, బిల్లు, జాయింట్ల ఫొటోలు జత చేస్తున్నాను. బోర్డుల ఖరీదు రూ. 51,300తో పాటు, విప్పి మళ్లీ వేసే కూలీ, టేపు, పుట్టీ, పెయింట్ ఖర్చు రూ. 64,000 మాస్టారి ఖాతాకే వేయండి. నాకేమీ వద్దు. ఇదే బ్యాచ్ ఇంకెన్ని ఇళ్లకు వెళ్లిందో మీ దగ్గర లెక్క ఉంటుంది, వాళ్లకు మీరే ముందుగా చెప్పండి. బోర్డు మీద ఐ.ఎస్. 14862 (ఇలాంటి బోర్డులకున్న భారతీయ ప్రమాణం) అని అచ్చు వేశారు కాబట్టి, ఈ ముక్కల్ని ఏ ల్యాబులో పరీక్షించినా మాకు అభ్యంతరం లేదు.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. బిల్లు మాస్టారి పేరు మీదే ఉంది. జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఆయన ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. పెద్దాయన్ని ఆ మెట్లు ఎక్కించడం నాకు ఇష్టం లేదు.

మిగిలిన మూడు బోర్డులు ఆయన మెట్ల కింద నిలబెట్టి ఉన్నాయి. పెన్సిల్ రాతలు ఎవరినీ చెరపనివ్వలేదు. ఈసారి టేపు తెచ్చుకునే మనిషిని పంపండి.

ఇట్లు,
ఫాల్స్ సీలింగ్ కాంట్రాక్టర్,
అమలాపురం.