మున్సిపల్ అద్దెలు, ఆస్తి పన్ను, బజారు కాలువ: వర్తక సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా సంఘం చూసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి సర్వసభ్య సమావేశంలో చదువుతారు కనుక ఆ లెక్కలు ఇక్కడ ఇవ్వడం లేదు. ఏడాది పొడుగునా సంఘం ఆఫీసుకు వచ్చిన ఫిర్యాదులన్నీ తిరిగి తిరిగి రెండు చోట్లకే వచ్చాయి. మున్సిపాలిటీకి కట్టేది ఎందుకింత పెరుగుతోంది? కట్టినదాంట్లో మన అంగళ్ల ముందుకు వస్తున్నదెంత?

కాంప్లెక్సు గదుల పాట

మున్సిపల్ కాంప్లెక్సులో ఖాళీ అయిన గదులకు వేలం జరిగినప్పుడు చాలామంది మొదటి నెల అద్దె ఒక్కటే చూసి పాట పెంచారు. అసలు లెక్క అక్కడ లేదు. పాటలో దక్కిన లీజు మూడేళ్లే. రెన్యువల్ కావాలంటే ప్రతి మూడేళ్లకు కనీసం 33 1/3 శాతం పెంచి కట్టాలి. ఎన్నిసార్లు పొడిగించినా మొత్తం 25 ఏళ్లు దాటకూడదు. నెలకు 6,000 రూపాయలకు పాడిన గది మూడేళ్లకు 8,000, ఆరేళ్లకు 10,667, తొమ్మిదేళ్లకు 14,222 అవుతుంది. అదే గదిని పంతానికి పోయి 9,000కు పాడితే పదో ఏడు 21,333తో మొదలవుతుంది. జీఎస్టీ దీనికి అదనం. పొగాకు వేలం డబ్బు ఊళ్లో తిరిగే నెలల్లో వచ్చే బేరం చూసి అద్దె పాడకూడదు. ఆ డబ్బు ఆగాక కూడా అద్దె అదే కట్టాలి.

పాట పాడి వెనక్కి తగ్గితే ధరావత్తు పోతుంది. రసీదు ఒకరి పేరున, వ్యాపారం మరొకరిది అన్నట్టు నడిచే గదులు మన కాంప్లెక్సులో తక్కువేమీ లేవు. లీజు తీరిన రోజున లోపల సరుకు పెట్టుకున్నవాడికి ఏ హక్కూ ఉండదు. గుడ్‌విల్ కింద చేతికిచ్చిన సొమ్ముకు కాగితం ఉండదు, కోర్టుకెళ్లినా రాదు. అలాంటి గదుల తరఫున కమిషనర్ దగ్గర మాట్లాడేది లేదని కార్యవర్గం తీర్మానించింది. కొందరికి కోపం వచ్చింది, అయినా తీర్మానం మారలేదు.

అద్దె మీద జీఎస్టీ: రెండుసార్లు కట్టకండి

ఈ ఏడాది సభ్యులకు ఎక్కువ నష్టం జరిగింది ఇక్కడే. స్థానిక సంస్థ తన గదిని జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి అద్దెకిస్తే, 18 శాతం పన్నును ఆ వ్యాపారే రివర్స్ ఛార్జి కింద నేరుగా ప్రభుత్వానికి కట్టాలి. 2018 జనవరి 25 నుంచి నిబంధన ఇదే. రిజిస్ట్రేషన్ లేని చిన్న అంగడికైతే మున్సిపాలిటీయే అద్దెతో కలిపి వసూలు చేస్తుంది. డిమాండ్ నోటీసు తయారుచేసేవారు ఈ తేడా చూడకుండా అందరికీ ఒకే రకంగా వేయడంతో కొందరు మున్సిపాలిటీకి 18 శాతం కట్టి, ఆడిటర్ చెప్పాక మళ్లీ నేరుగా ప్రభుత్వానికీ కట్టారు.

చేయవలసిందిది. మీ జీఎస్టీ నంబరు, గది నంబరు రాసి, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నకలు జతచేసి, ఇకమీదట పన్ను లేకుండా అద్దె డిమాండ్ ఇవ్వమని రెవెన్యూ సెక్షన్లో దరఖాస్తు పెట్టండి. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. రివర్స్ ఛార్జి పన్నును జీఎస్టీ రిటర్ను జీఎస్‌టీఆర్-3బిలో 3.1(డి) గడిలో చూపి క్యాష్ లెడ్జర్ (పోర్టల్లో జమచేసిన నగదు) నుంచే కట్టాలి, కొనుగోళ్ల మీద ముందే కట్టిన పన్ను క్రెడిట్‌తో సర్దుబాటు కుదరదు. కట్టిన మొత్తాన్ని అర్హత ఉన్నవారు అదే రిటర్నులో 4(ఎ)(3) కింద క్రెడిట్‌గా తీసుకోవచ్చు. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ రేటుతో పన్ను కట్టే పథకం) ఉన్నవారు కూడా మున్సిపల్ గదులకు ఈ పన్ను కట్టాల్సిందే. తాము మూడు నెలలకోసారి ఇచ్చే సీఎంపీ-08 ఫారంలో చూపాలి, క్రెడిట్ రాదు.

ప్రైవేటు బిల్డింగుల సంగతి వేరు. రిజిస్ట్రేషన్ లేని యజమాని దగ్గర అద్దెకున్న రిజిస్టర్డ్ వ్యాపారి మీద 2024 అక్టోబరు 10 నుంచి రివర్స్ ఛార్జి పడింది. 2025 జనవరి 16 నుంచి కాంపోజిషన్ వ్యాపారులను దీన్నుంచి తప్పించారు. ఈ మినహాయింపు మున్సిపల్ గదులకూ వర్తిస్తుందనుకుని చాలామంది కట్టడం మానేశారు. వర్తించదు.

ఆస్తి పన్ను

2021 ఏప్రిల్ నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో అద్దె విలువ పద్ధతి పోయి మూలధన విలువ (స్థలం, కట్టడం విలువ) పద్ధతి వచ్చింది. కొత్త లెక్కలో పన్ను ఎంత తేలినా, ముందటి ఏడాది కట్టినదాని మీద 15 శాతానికి మించి పెంచకూడదు. వినడానికి చిన్నదే. 2020-21లో 10,000 కట్టిన బిల్డింగుకు ఏటా పూర్తి పెంపు పడితే 2024-25కు 17,490 అయింది. కొత్త లెక్క ప్రకారం తేలిన మొత్తాన్ని అందుకునేదాకా ఇది ఆగదు. 2025 ఫిబ్రవరి 1న రిజిస్ట్రేషన్ విలువలు కూడా సవరించారు కాబట్టి తేలిన ఆ మొత్తం మరికొంచెం పెరిగే అవకాశమే ఎక్కువ. అంగడి కొనేవారు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం లెక్క వేసుకోవాలి.

నోటీసుల్లో దొరికిన తప్పులు చాలావరకు ఒకే తీరువి. కింద అంగడి, పైన కాపురం ఉన్న ఇంటికి మొత్తం వాణిజ్యం కిందే వేశారు. రేకుల షెడ్డును శ్లాబుగా రాశారు. టేపు పట్టుకుని కొలిచి, ఫొటోలు తీసి, నోటీసులో ఇచ్చిన గడువులోగా రివిజన్ పిటిషన్ వేసినవారివే సరిదిద్దించగలిగాం. గడువు దాటాక నోటిమాటగా అడిగినవారికి ఏమీ చేయలేకపోయాం. మొదటి అర్ధ సంవత్సరం పన్నుకు జూన్ 30 ఆఖరు. ఆ తర్వాత నెలకు 2 శాతం వడ్డీ. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గుతుంది.

గ్రాంటు, కాలువ

"కేంద్రం డబ్బు వచ్చిందిగా, బజారు రోడ్డు ఎందుకు వేయరు?" ప్రతి సమావేశంలో వచ్చే ప్రశ్నే ఇది. 15వ ఆర్థిక సంఘం (2021-26) మనలాంటి పట్టణాలకు ఇచ్చేదాంట్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యం-చెత్త పనులకు చెరి సగంగా కట్టుబడి ఉంటుంది. మిగిలిన 40 శాతంలోంచే రోడ్లు, దీపాలు, తక్కినవన్నీ. జీతాలకు మాత్రం వాడకూడదు. పైగా ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్లో పెట్టడం, ఆస్తి పన్ను వసూళ్లు పెంచడం ఆ గ్రాంటుకు షరతులు. మన పన్నుకూ దానికీ లంకె అదే.

బస్టాండు రోడ్డు కాలువ పనిలో సంఘం తవ్వకం నుంచీ వెంటపడింది. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అంచనా పత్రం, ఎం బుక్ (పని కొలతల పుస్తకం) నకళ్లు అడిగాం. పేజీకి రెండు రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి, లేకపోతే అప్పీలు. అంచనా చేతికొచ్చాకే కాలువ అడుగు మట్టం గురించి గట్టిగా మాట్లాడగలిగాం. వంద మీటర్లకు అర మీటరు వాలు ఉంటే బురద నిలవదు. మేస్త్రీ చేత ట్యూబ్ లెవెల్ (నీళ్ల గొట్టం మట్టం) పట్టిస్తే నడిమధ్యన కాలువ అడుగుభాగం పైకి లేచి ఉంది. బెడ్డు కాంక్రీటు పడకముందు కాబట్టి చెక్కించగలిగారు, గోడలు లేచాక ఎవరి తరమూ కాదు. కాంక్రీటు వేశాక గోనెపట్టలు కప్పి కనీసం ఏడు రోజులు తడపాలి, మన ఎండలకు పది. రెండో రోజుకే పట్టలు ఎండి గోడకు అతుక్కున్నాయి. పక్క అంగళ్లవాళ్లు బిందెలతో పోశారు. అది వాళ్ల పని కాదు, కానీ పోయకపోతే నెర్రెలు వాళ్ల గుమ్మం ముందే.

2024 అక్టోబరు మధ్యలో వాయుగుండం వానలకు పాత కాలువ పొంగింది కూడా కట్టుబడి లోపం వల్ల కాదు. పై బండలను సిమెంటుతో కదలకుండా బిగించి టైల్సు పరిచింది మన సభ్యులే. బండ లేవకపోతే పూడిక తీయలేరు. కొత్త కాలువకు కొక్కేలున్న బండలు వేయించాం. వాటి మీద ర్యాంపు కట్టినవారికి సంఘం అండ ఉండదు. పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే మళ్లీ రోడ్డు వేస్తే అంగడి మెట్టు కిందికి పోతుంది కనుక, ముందు మిల్లింగ్ (పాత పొరను గీకి తీయడం) చేయాలని రాతపూర్వకంగా అడిగాం. జవాబు రాలేదు.

మిగతావి

ఎలక్ట్రానిక్ కాటాలకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా, తూకపు రాళ్లకు రెండేళ్లకొకసారి. చెత్త పన్ను రద్దును 2024 అక్టోబరు 2న ముఖ్యమంత్రి ప్రకటించారు. పాత బకాయి పేరుతో ఎవరైనా అడిగితే రాతపూర్వక డిమాండ్ చూపించమనండి. 120 మైక్రాన్లలోపు క్యారీ బ్యాగులు 2022 చివరి నుంచే నిషేధం. జరిమానా పడ్డాక సంఘానికి ఫోన్ చేసి లాభం లేదు.

సర్వసభ్య సమావేశంలో తేల్చాల్సినవి రెండు. ఆశీలు (బజారు రుసుము) గుత్తేదారు బోర్డు మీద రేట్లు రాయించేదాకా రసీదు లేకుండా ఎవరూ ఇవ్వకూడదన్న ప్రతిపాదన ఒకటి. కాంప్లెక్సు మెట్ల కింద మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గర ఉండాలన్నది రెండోది. గది అద్దె డిమాండ్ మీద అనుమానం ఉన్నవారు పాత నోటీసు, ఆఖరి రసీదు, జీఎస్టీ సర్టిఫికెట్ మూడూ వెంట తెచ్చుకోండి.

కార్యవర్గం