విచ్చుకునే బాణం మొనలతో జాగ్రత్త

సంపాదకుడి గారికి నమస్కారం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు తలుపులు మూసుకుపోయాయి గానీ, ఇక్కడ టెక్సాస్‌లో లైసెన్సు తీసుకుంటే అక్టోబరులో విల్లుతో జింకల వేటకు వెళ్లొచ్చు, మనవాళ్లూ కొందరు మొదలుపెట్టారు కాబట్టి ఈ నాలుగు ముక్కలు.

పోయినేడు ఓ షాపులో అంటగట్టిన మెకానికల్ బ్రాడ్‌హెడ్ (జంతువుకు తగలగానే బ్లేడ్లు విచ్చుకునే బాణం మొన) కొన్నాను. బ్లేడ్లను పట్టి ఉంచే చిన్న రబ్బరు రింగు ఎండకు పగిలి, నేను చెట్టు మీది మంచె ఎక్కేలోపే అమ్ములపొదిలోనే ఒక బ్లేడు విచ్చుకుంది! చూసుకోకుండా వదిలి ఉంటే బాణం పక్కకు కొట్టేది, గాయంతో పారిపోయిన జింకను రాత్రంతా వెతుక్కోవాల్సి వచ్చేది. అందుకే రింగులు సీజన్‌కోసారి మార్చండి, కొనేముందే బ్లేడు ఎంత గట్టిగా నిలబడుతుందో జాగ్రత్తగా కదిపి చూడండి.

డబ్బా మీద 2 అంగుళాల కోత అని చూసి మురిసిపోకండి. అంత వెడల్పుగా తెరుచుకుని కోయడానికే బాణం ఊపు చాలావరకు ఖర్చయిపోతుంది, 45 పౌండ్ల బలంతో లాగే విల్లు వాడేవాళ్లకు కదలని బ్లేడ్ల మొనే నయం (మా ఆవిడ వాడేది అదే, గురి నాకంటే బాగుంటుంది). ప్రాక్టీసు మొన 100 గ్రెయిన్లదైతే వేట మొన కూడా అంతే బరువుండాలి, అసలు మొనతోనే ఒకటి రెండు బాణాలు ఫోమ్ టార్గెట్‌ మీద వేసి చూసుకున్నాకే అడవికి బయల్దేరండి.

ఓ పాఠకుడు, ఆస్టిన్