నీలగిరి తోట కూడా పచ్చగానే ఉంటుంది, గెడ్డ మాత్రం ఎండిపోతోంది

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను ఒడిశా రాయగడ జిల్లా గుణుపురంలో ఉంటానండి, బోరు మోటార్లు దించడం, కాలిపోతే వైండింగ్ చేయడం నా పని. మీ పేపర్ శ్రీకాకుళం ఎడిషన్ మా దగ్గరికీ వస్తుంది, షాపు తీశాక టీ తాగుతూ చదువుతా. మొన్న వనమహోత్సవం ఫొటోలు వేశారు కదా, ఎప్పట్లాగే పదిమంది కలిసి ఒక్క మొక్కని పట్టుకుని నిలబడ్డారు, కింద పచ్చదనం పెరిగితే వానలూ నీళ్ళూ వాటంతటవే వస్తాయని రాశారు. ఆ మాట దగ్గరే నాకు పేచీ. ఏ చెట్టు, ఎక్కడ వేశారు, దాని కింద నేల ఎలా ఉంది అన్నది వదిలేసి ఊరికే పచ్చదనం అంటే ఎలాగండి.

మా మావయ్యకి గజపతి జిల్లాలో కాశీనగర్ అవతల కొండవాలులో జీడితోట ఉండేది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి సగం పైగా కూలిపోయింది, మిగిలింది కూడా కొట్టించేసి నీలగిరి (యూకలిప్టస్) వేశాడు. ఆయన్ని తప్పు పట్టలేను, పశువులు ముట్టవు, కాపలా అక్కర్లేదు, నాలుగైదేళ్ళకి కటింగ్, లారీ తోట దగ్గరికే వస్తుంది. కాకపోతే తోట కింద ఉన్న ఆయన బోరుకి మొదట తొమ్మిది పైపులు దించినవాడిని నేనే, పోయిన వేసవిలో మోటారు నీళ్ళందక డ్రై రన్ అయి కాలిపోతే పద్నాలుగు పైపులకి దించినవాడినీ నేనే. పైపులు పైకి లాగుతుంటే ఒకటి చూస్తుంటా, నీళ్ళలో మునిగి ఉన్న చోట తుప్పు బంకలా పట్టి జారిపోతూ ఉంటుంది, పైభాగం పొడిగా గరుగ్గా ఉంటుంది, ఆ రెండూ కలిసే గీత లాగిన ప్రతిసారీ ఇంకాస్త కిందకి పోతోంది. అంతా నీలగిరి మీదే తోసేయడం కూడా అన్యాయమే, ఆ చుట్టుపక్కల బోర్లూ బాగా పెరిగాయి, అందులో మోటార్లు దించింది ఎక్కువ నేనే, బోరు లోతయితే నా షాపుకి లాభమే కదా.

కానీ వాన పడే రోజు ఆ తోటలోకి వెళ్ళి చూడాలి. కింద గడ్డి లేదు, తుప్ప లేదు, రాలిన ఆకు పొయ్యిలోకని ఊడ్చుకుపోతారు, బోడి నేల మీద చినుకు పడగానే ఎర్రనీళ్ళు గెడ్డలోకి, అంటే కొండవాగులోకి పరిగెత్తుతాయి, గంటలో గెడ్డ పొంగుతుంది, మర్నాడు పొద్దున్నకి రాళ్ళు తేలతాయి. అదే పుట్టాసింగి వైపు సవర గిరిజనుల ఊళ్ళకి పనిమీద వెళితే, పైన పాత అడవి కాస్తో కూస్తో మిగిలిన చోట గెడ్డ సన్నగానే కానీ తేటగా ఉగాది దాకా నడుస్తుంది, ఆ ఊటతోనే వాళ్ళు కొండకి మెట్లు కట్టి వరి పండిస్తారు. అక్కడ ఆకుల కింద చెయ్యి పెడితే మెత్తగా చల్లగా తగులుతుంది, చెదలు పురుగులు చేసిన బొక్కలు, చచ్చిన వేళ్ళు వదిలేసిన సందులు, నీళ్ళు వాటిలోంచే లోపలికి దిగుతాయి. అడవి పోయిన ఊళ్ళలో జీలుగు చెట్టు కల్లు కూడా తగ్గిపోయిందని వాళ్ళు నవ్వుతూనే చెప్పారు గానీ అది నవ్వే సంగతి కాదు.

అడవి నీళ్ళు తాగదా అంటే తాగుతుందండి, బాగానే తాగుతుంది. కర్ణాటకలో 1990 ప్రాంతంలో కొలిచి చూస్తే నీలగిరి లేత తోట తాగింది అక్కడి ఆకురాల్చే అడవి కంటే ఎక్కువేం కాదని తేలింది, కాకపోతే రెండూ చోళ్ళ (రాగుల) పంట కంటే రెట్టింపు తాగాయి, మట్టి లోతుగా ఉన్న ఒక చోట నీలగిరి పడిన వాన కంటే కూడా ఎక్కువ లాగేసింది. 1982లో ప్రపంచంలో 94 చోట్ల చేసిన ప్రయోగాలు ఒక దగ్గర పెట్టి చూసినా అంతే, నీలగిరి, పైన్ లాంటివి వాగు పరివాహకంలో, అంటే వాననీళ్ళు ఆ వాగుకి చేరే నేలలో, ఇంకో 10 శాతం మేర పెరిగితే ఆ వాగులోకి ఏడాదికి సుమారు 40 మిల్లీమీటర్ల నీళ్ళు తగ్గుతున్నాయి. నాకు మిల్లీమీటర్లలో అర్థం కాక లెక్కేశాను, ఆ పరివాహకంలో ప్రతి ఎకరానికీ లక్షా అరవై వేల లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ముప్పై రెండు. చోళ్ళూ సామలూ పండే పొలాల్ని కూడా నీలగిరి చేస్తే గెడ్డకి ఏం మిగులుతుంది చెప్పండి.

అలాగని అడవి కొట్టేస్తే నీళ్ళు మిగులుతాయి కదా అనుకోవద్దు. ఆకు వదిలే తేమ ఊరికే పోదు. ఒక్క లీటరు నీళ్ళు ఆవిరవ్వాలంటే యూనిట్ కరెంటులో దాదాపు మూడింట రెండు వంతుల వేడి కావాలి, ఆ వేడి అంతా గాలిలోంచీ నేలలోంచీ పోతుంది, కొండ మొదట్లో సాయంత్రం చల్లగా ఉండేది అందుకే. ఆ ఆవిరే ఇంకో చోట వానగా దిగుతుంది. 2016లో ఐఐటీ బాంబే వాళ్ళు అడవులు పొలాలుగా మారడం వల్ల గంగా పరివాహకంలో, ఈశాన్యంలో రుతుపవనాల వాన తగ్గిందని లెక్క తేల్చారు.

ఇక పచ్చదనం లెక్కల సంగతి. ఫారెస్ట్ సర్వే వాళ్ళకి హెక్టారు పైన స్థలంలో చెట్ల గొడుగు 10 శాతం దాటితే అది అడవే, భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా. అంటే మావయ్య తోట కూడా ఆ లెక్కలో అడవే. 2019లో నాసా శాటిలైట్ చూసి ఇండియా పచ్చబడిందని చెబితే అందరం సంబరపడ్డాం, ఆ పచ్చదనంలో 82 శాతం పంట పొలాలదే, అడవిది 4 శాతం పైచిలుకు మాత్రమే.

మా గెడ్డలు కలిసే వంశధార నీళ్ళు సగం సగం అని ఒడిశా, ఆంధ్రా రెండు రాష్ట్రాలూ ఏళ్ళ తరబడి కొట్టుకున్నాయి, ట్రిబ్యునల్ కూడా 2017లో తీర్పు ఇచ్చింది. కింద ఆ నది మీది గొట్టా బ్యారేజీ దగ్గర గేట్లు లెక్కపెట్టేవాళ్ళు ఒక్కసారి పైకొచ్చి గెడ్డలు చూస్తే బాగుణ్ణు. మొక్కలు పంచేవాళ్ళని నేనడిగేది పెద్దదేం కాదు, గెడ్డకి రెండు పక్కలా కొంత మేర నీలగిరి మొక్క ఇవ్వకండి, అక్కడికి తెల్లమద్ది, నేరేడు, వెదురు, జీలుగు ఇవ్వండి, రైతుకి కటింగ్ డబ్బు పోతుంది కాబట్టి ఆ కొంతకి ఏదో ఒకటి కట్టివ్వండి.

మావయ్య తోట ఈ చలికాలం మళ్ళీ కటింగ్‌కి వస్తుంది. గెడ్డ పక్క నాలుగు వరసలు మోళ్ళతో సహా పీకేద్దాం అన్నాను. డబ్బు నువ్విస్తావా అన్నాడు. బోరు పైపుల కూలి వదిలేస్తానన్నా, ఇంకా ఏ మాటా చెప్పలేదు.

ఇట్లు,
ఒక మోటారు మెకానిక్,
గుణుపురం, రాయగడ జిల్లా