రంగు వేయండి, పొడి రేకు మాత్రం గీకకండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరేసరికి మా బోరబండ బస్తీల్లో సిమెంటు రేకుల మీద తెల్ల రంగు వేయించుకోవడం మొదలైంది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చాక ఈ మాట గల్లీల దాకా వచ్చింది. మంచిదే. మే నెల మధ్యాహ్నం రేకుల కింద పడుకున్నవాళ్లకు ఆ రంగు విలువ తెలుస్తుంది. నేను రేకుల మిస్త్రీని, పెళ్లికి ముందు నుంచీ ఇదే పని. రంగుతో నాకేం పేచీ లేదు. దానికి ముందు జరిగే పని గురించే ఈ ఉత్తరం.

పాత రేకుకు నల్లగా నాచు పట్టి ఉంటుంది. అది పోతే తప్ప రంగు అంటదు. అందుకని అడ్డా మీద నుంచి ఇద్దరు కుర్రాళ్లను తెచ్చి, చేతికి వైరు బ్రష్ ఇచ్చి పైకి ఎక్కిస్తారు. మొన్న మా గల్లీలో అదే జరిగింది. పొడి రేకును బరబరా గీకుతుంటే ఆ పొడి కిందనున్న నీళ్ల డ్రమ్ములో, ఆరేసిన బట్టల మీద, పక్కింటి చంటిదాని ఉయ్యాల మీద పడింది. కుర్రాళ్ల ముక్కుకు దస్తీ కూడా లేదు. ఉన్నా లాభం లేదు, ఆ పొడిలో ఉండే ఆస్బెస్టాస్ అనే రాతినార పోగులు దస్తీలోంచి దూరిపోతాయి.

రేకులో ఆస్బెస్టాస్ నూటికి దాదాపు పది పాళ్లే, మిగతాది చాలావరకు సిమెంటే. రేకు గట్టిగా ఉన్నన్నాళ్లూ సిమెంటు దాన్ని పట్టి ఉంచుతుంది. ఇరవై ముప్పై వానాకాలాలకు తడిసిన రేకు అలా కాదు. పైపొర కొట్టుకుపోయి పోగులు బయటపడతాయి. విరిగిన అంచును ఎండలో పట్టుకుని చూస్తే వెంట్రుకల్లా కనిపిస్తాయి. ఊపిరితిత్తుల్లోకి పోయేవి మాత్రం కంటికి ఆనవు.

ఆ పోగులు పీలిస్తే వచ్చే జబ్బు పేరు నర్సింగ్ చదివిన మా చిన్నమ్మాయి చెప్పింది, మెసోథెలియోమా. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పల్చటి పొరకు, కొందరిలో పొట్ట లోపలి పొరకు వచ్చే క్యాన్సర్. ఎక్కువగా ఆస్బెస్టాస్ వల్లే వస్తుంది. అదీ వెంటనే కాదు, 20 ఏళ్ల నుంచి 40, 50 ఏళ్ల తర్వాత. ఎంత ఎక్కువ పీలిస్తే అంత ముప్పు, కానీ ఇంతవరకు పీల్చినా పర్వాలేదనే లెక్క లేదట. మా వాళ్లలో బీడీ తాగనివాడు ‘నాకేం కాదు’ అంటాడు. ఈ జబ్బుకు బీడీతో సంబంధమే లేదు. అయితే ఊపిరితిత్తుల క్యాన్సర్ సంగతి వేరు, బీడీకి ఈ పొడి తోడైతే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. పనికే పోని ఆడవాళ్లకు, భర్తల బట్టలు దులిపి ఉతికినందుకు మెసోథెలియోమా వచ్చిన సంగతీ డాక్టర్లు రాసిపెట్టారు. మా ఇంటామె ఇప్పుడు నా బట్టలు దులపదు, వాకిట్లోనే బకెట్లో ముంచేస్తుంది.

ఆయాసం, ఛాతీ నొప్పి, ఛాతీలో నీరు చేరడం మెసోథెలియోమా లక్షణాలు. నీరు చేరిందంటే మన దగ్గర ముందు టీబీ అనుకుంటారు, చాలామందికి అదే అవుతుంది కూడా. కానీ ఏం పని చేశావని అడిగి రాసుకునే డాక్టరు నాకు తగల్లేదు. దగ్గుతో పోతే నా చీటీ మీద ‘కూలీ’ అని రాశారు. మిషన్‌తో రేకులు కోసే కూలీ, హోటల్లో గిన్నెలు కడిగే కూలీ ఒకటేనా? ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీ కార్మికుల ఆరోగ్య రికార్డులు 40 ఏళ్లు దాచాలని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అడ్డా కూలీకి రికార్డు ఎవరు పెడతారు? కనీసం లేబర్ కార్డులో ‘రేకుల పని’ అని రాస్తే రేపు డాక్టరుకు అదే ఆధారం.

అరవైకి పైగా దేశాలు ఆస్బెస్టాస్‌ను నిషేధించాయి. మన దగ్గర పులివెందుల గనుల లాంటివి ఒకప్పటి మాటే అయినా, రష్యా లాంటి చోట్ల నుంచి సరుకు వస్తూనే ఉంది. నిషేధం వచ్చేదాకా ఉన్న రేకులతో జాగ్రత్తగా ఉండాలి. గీకే ముందు రేకును బాగా తడపాలి. మెత్తటి బ్రష్‌తో రుద్దాలి, నీళ్ల గన్ పెట్టకూడదు. తడి రేకు జారుతుంది కాబట్టి పలక వేసుకుని, దాని మీదే కాలు మోపాలి. రేకు విరిగి కింద పడ్డవాడు క్యాన్సర్ దాకా ఆగడు మరి. మార్చాల్సిన రేకును సుత్తితో పగలగొట్టకుండా బోల్టులు విప్పి దించాలి. కొత్తవి కొనేవాళ్లకు ఆస్బెస్టాస్ లేని సిమెంటు రేకులూ దొరుకుతున్నాయి, ధరే కాస్త ఎక్కువ.

ఇక విరిగిన ముక్కలు. చెత్త ఆటో వాళ్లు తీసుకోరు. గల్లీ గుంతల్లో పోస్తే ఆటోలు తొక్కి పిండి చేస్తున్నాయి. కూల్చిన ఇళ్ల చెత్తకు జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ప్లాంట్లున్నాయి కానీ రేకు ముక్కలు ఎక్కడ ఇవ్వాలో మా బస్తీలో ఎవరికీ తెలియదు. కార్పొరేషన్ వాళ్లు ఆ సంగతి తేల్చి ఒక ఫోన్ నంబరు ప్రకటించాలి. ఈ వేసవిలో మీరు కూల్ రూఫ్ గురించి మళ్లీ రాసినప్పుడు, రేకు తడపకుండా గీకొద్దన్న ముక్క కూడా వేయగలరు.

- ఒక రేకుల మిస్త్రీ, బోరబండ, హైదరాబాద్