ఇకపై బఫింగ్ చేయం: పాత సుత్తులు, ఐస్ యాక్సులు కొనేవారికి

ముందే చెప్పేస్తున్నా. కొండలెక్కేవాళ్ళ పాత సుత్తులకు, మంచులో దిగేసి ఎక్కే గొడ్డళ్ళకు, అంటే ఐస్ యాక్సులకు, మా కొట్లో ఇకపై బఫింగ్ చేయం, అంటే చక్రం మీద పెట్టి మెరుగు పెట్టం, గ్రైండర్ తగిలించం. పైపైన తుడిచి, తుప్పు మరకలతోనే మీకు పంపుతాం. "అన్నా, కొత్తదానిలా మెరిపించి పంపు, ఎక్స్‌ట్రా ఇస్తా" అనేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆ ఎక్స్‌ట్రా మాకొద్దు.

కొత్తవాళ్ళ కోసం ఒక మాట. కడపలో మాది రాతిపని సుత్తులకు, సమ్మెటలకు కామలు బిగించి, ఉలులకు పదును పెట్టే కొట్టు. మాకు అన్నం పెట్టేది ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు బండల క్వారీలవాళ్ళే. ఈ పాత సామాను నా సరదాగా మొదలై అమ్మకం దాకా వచ్చింది. నిజం చెప్పాలంటే అందులో మిగిలేది తక్కువ.

బఫింగ్ ఎందుకు వద్దంటే, పాత సుత్తికి విలువ తెచ్చేది దాని తల పక్కన కొట్టిన ముద్ర. షునార్డ్ అనే పేరున్న సుత్తినే తీసుకోండి. అమెరికాలో ఇవాన్ షునార్డ్ 1957లో పాత సామాన్ల దుకాణంలో బొగ్గు కొలిమి, 138 పౌండ్ల దాగలి కొనుక్కొని, కమ్మరం సొంతంగా నేర్చుకొని, బండ పగుళ్ళలో కొట్టే మేకులు, అంటే పిటాన్లు చేయడం మొదలుపెట్టాడు. తర్వాత పటగోనియా బట్టల కంపెనీ పెట్టింది కూడా ఆయనే. మేకులు కొట్టీ పీకీ కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ బండలు పాడవుతున్నాయని, సుత్తి అక్కర్లేకుండా చేత్తో పగులులో ఇరికించే నట్లు వాడమని 1972 కేటలాగ్‌లో తన గిరాకీలకు తానే చెప్పాడు. అప్పటికి ఆయన వ్యాపారంలో పెద్ద భాగం మేకులే! ఆ తర్వాత సుత్తుల గిరాకీ తగ్గిపోయింది. అందుకే ఇప్పుడు సేకరించేవాళ్ళు వాటిని వెతుక్కుంటున్నారు.

ఆ ముద్ర లోతు గోటికి తగిలీ తగలనంత. భూతద్దం పెట్టి చూస్తే అక్షరాల మూలల్లో నల్లగా పాత తుప్పు కనిపిస్తుంది, అంచులు మాత్రం ఇంకా కోసుగా ఉంటాయి. బఫింగ్ చక్రం కింద పెట్టామా, ముందు పోయేవి ఆ అంచులే. గ్రైండర్‌తో ఇంకో చిక్కు ఉంది. మంచులో దిగే ముక్కు కొస వేడెక్కి నీలిరంగు తేలిందంటే టెంపర్, అంటే ఉక్కుకు పట్టించిన గట్టిదనం, పోయినట్టే. మేం చేసేదల్లా కిరోసిన్ గుడ్డతో మురికి తీసి, సన్నని స్టీల్ ఊల్‌తో లేచిన తుప్పు మాత్రం రాల్చి, పలచగా నూనె పట్టించడం.

ఇంకొకాయన టెర్రడాక్టిల్ అనే పాత ఐస్ యాక్స్ ఫోటో చూసి, "ముక్కు కిందికి వంగిపోయింది కదా, సాపు చేసి పంపండి" అన్నాడు. అయ్యా, అది వంగింది కాదు, వంచింది! స్కాట్లాండ్‌లో హామిష్ మెకిన్నిస్ 1970ల మొదట్లో ఆ ముక్కును కావాలనే బాగా కిందికి దించాడు. తిన్నని ముక్కు నిలువు మంచులోంచి జారి ఊడిపోయేది, కాబట్టి మెట్లు నరుక్కుంటూ ఎక్కాల్సి వచ్చేది. దించిన ముక్కు కొక్కెంలా పట్టి నిలుస్తుంది. షునార్డ్ కూడా 1966లో ఫ్రాన్స్‌లోని షార్లే ఫ్యాక్టరీవాళ్ళను ఒప్పించి 55 సెంటీమీటర్ల యాక్స్‌కు వంపు ముక్కు పెట్టించుకున్నాడు. టెర్రడాక్టిల్‌తో ఎక్కినవాళ్ళ వేళ్ళ కణుపులు మంచుకు కొట్టుకొని వాచేవట, అది వేరే సంగతి.

కర్ర కామ ఉన్నవి కొన్నవాళ్ళు మన ఎండాకాలం గురించి జాగ్రత్తపడాలి. చలిదేశంలో బతికిన యాష్, హికరీ కర్రలు కడప ఎండకు ఎండి కుంచించుకుపోతాయి, సుత్తి తల ఆడుతుంది. మన క్వారీల్లో చేసినట్టు నీళ్ళ బకెట్లో మాత్రం పెట్టకండి. ఆ పూటకు బిగుస్తుంది, ఆరాక ఇంకా వదులవుతుంది. రంగుల కొట్లో లిన్‌సీడ్ ఆయిల్ తెచ్చి పలచగా రుద్దండి. నూనె రుద్దిన గుడ్డను ఉండచుట్టి మూల పారేస్తే దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు, పరిచి ఆరబెట్టండి. ఐస్ యాక్స్ తల వదులైతే చీల కొట్టే ప్రయత్నం చేయొద్దు. దాని తల నుంచి ఇనుప పట్టీలు కర్ర మీదికి దిగి రివెట్లతో బిగించి ఉంటాయి. చీల దెబ్బకు కర్ర చీలుతుంది. మా దగ్గరికి తెండి.

హిమాలయాల ట్రెక్కింగ్‌కు పోతూ పాత ఐస్ యాక్స్ చవగ్గా అడిగే కాలేజీ పిల్లలకు మేం అమ్మం. కోప్పడినా అమ్మం. యాభై ఏళ్ళ నాటి కర్ర లోపల ఎలా ఉందో బయటినుంచి ఎవరూ చెప్పలేరు. ఇప్పటి యాక్సుల కామ మీద బి, టి అనో, ఇంకా కొత్తవైతే 1, 2 అనో పరీక్ష గుర్తులుంటాయి, అలాంటిదే కొనుక్కోండి. మా సరుకు గోడకు తగిలించుకోవడానికే, బిల్లు మీద కూడా అదే రాస్తాం.

యూరప్ నుంచి రావాల్సిన లాట్ కస్టమ్స్‌లో ఆగింది. అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళు టెన్షన్ పడొద్దు, ఆగలేమంటే డబ్బు తిరిగి పంపేస్తా. డ్యూటీ లెక్క తేలాక ఈసారి ధరలు కొంచెం పెరుగుతాయి, తగ్గించమని అడగొద్దు. కొనేముందు ముద్ర దగ్గరి ఫోటో అడిగి చూసుకోండి. నచ్చకపోతే పార్సిల్ అందిన వారంలోపు వెనక్కి పంపొచ్చు, మీరు గ్రైండర్ తగిలించకుండా ఉంటేనే.