తరుణ్ భాస్కర్ మీద నా ఫిర్యాదు వేరే

సంపాదకులకు నమస్కారం.

సినిమా దర్శకుడు తరుణ్ భాస్కర్ పేరెత్తితే చాలు, హైదరాబాద్‌లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ‘పెళ్లిచూపులు తర్వాత ఏం తీశాడు చెప్పు’ అని కొందరు, ‘ఆయన ఏం తీసినా కల్టే’ అని ఇంకొందరు. మా ఆఫీసు క్యాంటీన్లో ఈ గొడవ ఎప్పటికీ తెగదు. నాకైతే ఈ రెండు మాటలూ ఒప్పుకోబుద్ధి కావట్లేదు.

2016లో ఆయన తీసిన పెళ్లిచూపులు సినిమా చూసినప్పుడు నన్ను నవ్వించింది జోకులు కాదు, ఆ మనుషులు. తలుపు ఇరుక్కుపోయిన గదిలో ప్రశాంత్, చిత్ర కూర్చుని మాట్లాడుకునే సీన్లు గుర్తు చేసుకోండి. ఇంజినీరింగ్ ఎలాగోలా గట్టెక్కించి వంట మీద మనసు పారేసుకున్న అబ్బాయి ఒకవైపు, ఫుడ్ ట్రక్ వ్యాపారం గురించి పక్కాగా ఆలోచించుకున్న అమ్మాయి ఇంకోవైపు, ఇద్దరిలో ఎవరూ పంచ్ వేసి నవ్వు కోసం ఆగరు, మన ఇళ్లల్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడతారు. సింక్ సౌండ్‌లో, అంటే తర్వాత డబ్బింగ్ చెప్పకుండా షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేసి తీయడం వల్ల ఆ గొంతులు కూడా గదిలోంచే వస్తున్నట్టు ఉంటాయి. ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు మాటలకు కూడా జాతీయ అవార్డు ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదు.

ఆ తర్వాత 2018లో నలుగురు స్నేహితుల కథ, ఈ నగరానికి ఏమైంది వచ్చింది. డబ్బింగ్ చెప్పుకునే కౌశిక్, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునే ఉప్పు లాంటి కుర్రాళ్లు ఈ ఊళ్లో ప్రతి గల్లీలో ఉన్నారు, వాళ్లను తెరమీద అంత దగ్గరగా చూపించినవాళ్లు అరుదు. 2023లో మళ్లీ విడుదల చేస్తే జనం ప్రతి డైలాగూ హీరోల కంటే ముందే అరిచారు. నాకూ ఆ సినిమా ఇష్టమే. కానీ ఆ నలుగురిలో ఒకడైన వివేక్‌ను వదిలి వెళ్లిన ప్రేయసి శిల్ప సంగతేంటి? ఆమె ఎందుకు వెళ్లిపోయిందో మనం వివేక్ కోపంలోంచి, తాగుడులోంచి చూడటమే గానీ ఆమె వైపు నుంచి వినం. రెండేళ్ల ముందే చిత్ర లాంటి అమ్మాయిని రాసిన మనిషి ఇక్కడ ఆగిపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

రాయడం చేతకాక కాదు. 2021లో పిట్ట కథలు అనే చిన్న కథల సంకలన చిత్రంలో ఆయన తీసిన ‘రాముల’ చూడండి. ఫోన్లో వీడియోలు చేసుకునే పల్లెటూరి అమ్మాయి కథ, సరదాగా మొదలై గుండె బరువెక్కించే దాకా పోతుంది. ఆయన సినిమాల గురించి గంటలు గంటలు వాదించేవాళ్లు దీని ఊసే ఎత్తరు, ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక 2023లో వచ్చిన కీడా కోలా. కోలా సీసాలో బొద్దింక, దాన్ని పట్టుకుని కంపెనీ దగ్గర కోట్లు గుంజాలన్న ప్లాను, వినడానికే బాగుంది. వీల్‌చైర్లో కూర్చున్న బ్రహ్మానందం, జైలు నుంచి వచ్చిన నాయుడుగా తరుణ్, ఇద్దరూ కడుపుబ్బా నవ్వించారు. అయితే సినిమా నడిచేకొద్దీ రంగులు, కెమెరా విన్యాసాలు, తుపాకుల హడావిడి ముందుకొచ్చి మనుషులు వెనక్కి పోయారు. కథానాయకుడు వాస్తుకి ఉన్న మాట తడబాటు మొదట్లో అతని కష్టంగా అనిపిస్తుంది, తర్వాత అదే పదేపదే నవ్వు కోసం వాడుకున్నారు. చెప్పుకోదగ్గ ఆడపాత్ర అయితే ఒక్కటీ లేదు. కొత్తగా ప్రయత్నించాడు, తప్పేముంది అంటారు అభిమానులు. ప్రయత్నించడం తప్పు కాదు, చేతిలో ఉన్న బలాన్ని వదిలేయడమే నా బాధ.

ఏడేళ్లలో మూడు సినిమాలే తీశాడని విసుక్కునేవాళ్లతో మాత్రం నేను కలవను. నచ్చిందే తీస్తానని కూర్చునేవాళ్లకు ఆ మాత్రం టైమ్ పడుతుంది, ఏడాదికి రెండు తీసి పడేయమని మనం అడగకూడదు.

ఈ నగరానికి ఏమైందికి రెండో భాగం ప్రకటించారు కదా, మీ సినిమా పేజీ వాళ్లు ఆయన్ను ఇంటర్వ్యూ చేస్తే బడ్జెట్టు, రిలీజ్ డేటు పక్కనపెట్టి ఒక్కమాట అడగండి: ఈసారి ఆ నలుగురి పక్కన సొంత ఆలోచన, సొంత మాట ఉన్న ఒక అమ్మాయి ఉంటుందా అని.

ఇట్లు,
ఒక ప్రేక్షకురాలు,
నారాయణగూడ, హైదరాబాద్